కబ్ద్ దారిలో లాంగ్‌బోర్డు

పిల్లల పోరు పడలేక, చలికాలంలో ఒక శుక్రవారం ఉదయం కొత్త లాంగ్‌బోర్డుతో కబ్ద్‌లోని ఒక మిత్రుడి తోటకు వెళ్ళాము. రోజూ తిరగడానికీ, వాలులో జారే ఫ్రీరైడింగుకూ ఇది ఒక్కటే చాలునని అమ్మినవారి మాట. కబ్ద్‌లో వాలు ఎక్కడిది? అంతా చదునే! పరీక్షించనిది పాసైందని రాయడం మా సాఫ్ట్‌వేరు వాళ్ళకు తగదు కనుక మలుపులు, బ్రేకు మాత్రమే చూశాము.

70 మిల్లీమీటర్ల, 78ఏ మెత్తని చక్రాలు గతుకుల మీద హాయిగా సాగాయి. మెత్తన కనుక రోడ్డును బాగా పట్టుకుంటాయి. అడ్డంగా జార్చడమే కష్టం.

అసలు చిక్కు ఇసుకతో. తారు మీద పలచగా పరుచుకున్న ఇసుకపై తిరగబోయి మావాడు పడ్డాడు. మోచేతి ప్యాడ్ కాపాడింది. ఇంటికొచ్చి చూస్తే బేరింగులు కరకరలాడుతున్నాయి. వాటిని నీళ్ళతో కడిగితే తుప్పు పడతాయి. ఆల్కహాలుతో శుభ్రం చేసి, బాగా ఆరాక ఒక్కోదానికి ఒకటి రెండు చుక్కల నూనె వేయాలి.