ఆసుల జత ఎందుకు ఓడిపోతుంది?

సంక్రాంతి మూడు రోజులూ మా పరవాడ చుట్టుపక్కల మూడు ముక్కలాట మామూలే. అందులో రెండు ఆసులు పడితే ధైర్యంగా ఆడొచ్చు. మూడు ముక్కలు 22,100 రకాలుగా పడొచ్చు, వాటిలో ఆసుల జతని కచ్చితంగా కొట్టేవి 1,916. తొమ్మిది శాతం కూడా లేదు. పైగా పడిన ముక్కలు ఇక మారవు.

నో-లిమిట్ పోకర్ అలా కాదు. తలా రెండు ముక్కలు మూసి ఇస్తారు. తర్వాత అందరికీ కలిపి ఐదు ముక్కలు బల్ల మీద తెరుస్తారు: ముందు మూడు, తర్వాత ఒకటి, చివర్లో ఇంకొకటి. మొత్తం ఏడింటిలో మంచి ఐదు ఎవరివైతే డబ్బు వాళ్ళది. ప్రతి దశలోనూ పందెం ఉంటుంది, కావాలంటే ముందున్నదంతా పెట్టేయొచ్చు. ఆసుల జత 221 సార్లకి ఒకసారి వస్తుంది, మొదట్లో దాన్ని మించింది లేదు. కానీ ఎదుటివాళ్ళకి ఇంకా ఐదు ముక్కలు రావాలి.

అన్నట్టు, 1968లో ఆంధ్రప్రదేశ్ కేసులోనే సుప్రీంకోర్టు మూడు ముక్కలాట పూర్తిగా అదృష్టమనీ, రమ్మీలో నైపుణ్యం ఉందనీ చెప్పింది. 2020లో మన రాష్ట్రం డబ్బుతో ఆడే ఆన్‌లైన్ రమ్మీ, పోకర్ రెండిటినీ నిషేధించింది. సో, కింది లెక్కలు పైథాన్‌లో లక్షసార్లు ముక్కలు పంచి చూసుకోండి, ఫ్రీ.

ఎదురుగా ఒక్కడే ఉండి, వాడి ముక్కలు ఏవైనా కావచ్చు అనుకుంటే ఆసులు గెలిచే అవకాశం 85 శాతం. ఇద్దరైతే 73, ముగ్గురైతే 64, ఐదుగురైతే 49. మనవాళ్ళు వెంటనే 0.85ని ఐదుసార్లు గుణించి 44 అంటారు. కుదరదు. బల్ల మీద ముక్కలు అందరికీ ఒకటే కాబట్టి ఈవెంట్లు ఇండిపెండెంట్ కావు.

సగం సార్లు ఓడిపోతే ఇక లాభమేంటి? ఇక్కడే తమాషా ఉంది. అందరూ తలా 100 రూపాయలు వేశారు, ఇక పందేలు లేవనుకోండి. ఒక్కడితో ఆడితే 200లో 85 శాతం, అంటే 170 మన వాటా. లాభం 70. ఐదుగురితో ఆడితే 600లో 49 శాతం, 294. లాభం 194! జనం పెరిగితే గెలుపులు తగ్గుతాయి, సగటు లాభం మాత్రం పెరుగుతుంది.

మునిగేది తర్వాతి పందేల్లో. బల్ల మీద 9, 8, 7 తెరిచారు. ఒకడు పెద్ద పందెం వేశాడు, ఇంకొకడు దాన్ని పెంచాడు. ఇప్పుడు ఆ 49 చెల్లదు. అది ఏవో ముక్కలున్న వాళ్ళ మీద వేసిన లెక్క, వీళ్ళేమో డబ్బు పెట్టడానికి కారణం ఉన్నవాళ్ళు. కండిషనల్ ప్రాబబిలిటీకి ఇంతకంటే మంచి ఉదాహరణ మన టెక్స్ట్‌బుక్‌లో లేదు. ఒక్కడే ఎదురుంటే బ్లఫ్ అనుకోవచ్చు. ఐదుగురి మధ్య బ్లఫ్ చేసే గుండె తక్కువమందికి ఉంటుంది. చాలాసార్లు అక్కడ ఆసుల్ని ప్యాక్ చేయడమే తెలివి, కానీ మనసొప్పదు.

అందుకే మొదట్లోనే గట్టిగా పెంచాలంటారు. భయపెట్టడానికి కాదు, రేటు పెంచడానికి. చిన్న జత ఉన్నవాడికి మొదటి మూడు ముక్కల్లో మూడోది దొరికేది సుమారు ఎనిమిదిన్నర సార్లకి ఒకసారి. 100కే చూడనిస్తే, దొరికిన రోజు మన 10,000 లాగేసుకుంటాడు. 2,000 అడిగితే ఆ బేరం వాడికి గిట్టదు.

జాకీల జతైతే ఇంకా జాగ్రత్త. ఐదుగురి మీద 34 శాతమే. పైగా మొదటి మూడు ముక్కల్లో రాణో, రాజో, ఆసో కనిపించడం 57 శాతం సార్లు జరుగుతుంది.