వేపాకుతో చేసిన వెండి పాదరసాన్ని ఎలా పట్టిస్తుంది?

పాదరసం కలిసిన నీళ్లు చూడటానికి తేటగానే ఉంటాయి. రంగు మారదు, వాసన రాదు. మరి కనిపెట్టేదెలా?

వేపాకులు మరిగించి వడగట్టిన కషాయాన్ని సిల్వర్ నైట్రేట్ ద్రావణంలో కలుపుతారు. కాసేపటికి అది లేత పసుపై, మెల్లగా గోధుమ రంగుకు తిరుగుతుంది. ఆకులోని పాలీఫినాల్ వంటి పదార్థాలు వెండి అయాన్లకు ఎలక్ట్రాన్లు ఇచ్చి, వాటిని నానో రేణువులుగా మారుస్తాయి. అవి ముద్దకట్టకుండా చుట్టూ పొరలా అంటుకునేవీ ఆకు పదార్థాలే.

వెండి తెల్లగా కదా మెరిసేది, ఈ పసుపు ఎక్కడిది? నాకు అన్నిటికన్నా నచ్చిన సంగతి ఇదే. నానోమీటరంటే మీటరులో 100 కోట్లో వంతు. అంతటి చిన్న రేణువుల మీద వెలుగు పడితే వాటిలోని ఎలక్ట్రాన్లన్నీ కలిసి ఊగుతాయి. ఆ ఊపులో 400 నానోమీటర్ల దగ్గరి ఊదా కాంతిని పీల్చేస్తాయి. మిగిలిన వెలుగు మనకు పసుపుగా కనిపిస్తుంది.

ఇప్పుడు ఈ ద్రావణంలో పాదరసం అయాన్లున్న నీళ్లు పోస్తే, ఆ అయాన్లు వెండి నుంచి ఎలక్ట్రాన్లు లాక్కుంటాయి. రేణువులు కరుగుతాయి, రంగు వెలిసిపోతుంది.

మన దేశ ప్రమాణం ప్రకారం లీటరు తాగునీటిలో పాదరసం 0.001 మిల్లీగ్రాము మించకూడదు. అంత కొంచెం ఉంటే కంటికి తేడా తెలియడం కష్టం, రంగును కొలిచే పరికరం కావాలి.

సిల్వర్ నైట్రేట్ పడితే చర్మం నల్లబడుతుంది. ఈ ప్రయోగం ఇంట్లో వద్దు, ల్యాబులో టీచరు పక్కనుండగానే చేయండి.