కామెర్లు – మన పట్టణముల త్రాగునీరు

"కామెర్లవానికి లోకమంతయు పచ్చగా కనిపించును" అను సామెత వినని వారు మనలో ఉండరు. చిత్రమేమనగా, వైద్యుల నడిగినచో ఆ మాట నిజము కాదందురు. కామెర్లు సోకినవాని చూపు మామూలుగానే యుండును. లోకము వానికి పచ్చగా కనిపించదు, వాడే లోకమునకు పచ్చగా కనిపించును. ముందుగా ఇంటిలోనివారు అతని కన్నులలోని తెలుపు పసుపు వర్ణమునకు మారుట చూచి భయపడుదురు. సంస్కృతములోని 'కామల' మన నోట కామెర్లయినది. ఉర్దూ మాట్లాడు మన ఇండ్లలో దానినే యర్ఖాన్ అందురు. ఏ పేరున పిలిచినను అది స్వయముగా ఒక వ్యాధి కాదు, లోపలి వ్యాధికి పైకి కనిపించు గుర్తు మాత్రమే.

మన రక్తములోని ఎర్రకణములు కొంతకాలము పనిచేసి నశించును. వాని నుండి పుట్టిన బిలిరుబిన్ అను పసుపు పదార్థమును కాలేయము గ్రహించి పైత్యరసముతో ప్రేగులలోనికి పంపివేయును. కాలేయము వాచినప్పుడు ఆ పని కుంటుపడి, పసుపు రంగు రక్తములో నిలిచిపోవును. కన్నులు, చర్మము పచ్చబడును. మూత్రము ముదురు రంగునకు తిరుగును. మద్యపానము, పైత్యకోశములోని రాళ్ళు, రక్తము ద్వారా సంక్రమించు హెపటైటిస్ బి, సి వైరస్‌లు – ఇవి యన్నియు కామెర్లకు కారణములు కావచ్చును. కాని ఒక వీధిలో నలుగురికి, మరునాడు పదిమందికి ఒకేసారి కామెర్లు వచ్చినవనిన, అనుమానింపవలసినది నీటిని, ఆహారమును. వాని ద్వారా వ్యాపించు వైరస్‌లు రెండు: హెపటైటిస్ ఎ, హెపటైటిస్ ఇ.

ఎ వైరస్‌ను 1973లో అమెరికాలో ఫైన్‌స్టోన్, కపికియన్, పర్సెల్ అను శాస్త్రవేత్తలు రోగి మలములో ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శిని సాయముతో చూడగలిగిరి. ఇ వైరస్ కథ మరింత విచిత్రమైనది. సోవియట్ శాస్త్రజ్ఞుడు బాలయన్ రోగుల మలము నుండి తీసిన ద్రవమును తానే త్రాగి, కామెర్లు తెచ్చుకొని, ఆ వైరస్‌ను తన మలములో చూచి 1983లో ప్రకటించెను. మన విజ్ఞానశాస్త్ర విద్యార్థులు ఆయన జిజ్ఞాసను గౌరవించిన చాలును, ఆ ప్రయోగమును అనుకరింప నక్కరలేదు!

ఈ రెండు వ్యాధులును రోగి మలము నుండి మరియొకరి నోటికి చేరును. వినుటకు అసహ్యముగా నున్నను సత్యమిదియే, దీనిని మర్యాద కొరకు దాచినందువలన నష్టము మనకే. ఎ వైరస్ లోపల ప్రవేశించిన తరువాత సగటున 28 దినములకు గాని కామెర్లు బయటపడవు. తక్కువలో తక్కువ 15 దినములు, ఎక్కువలో ఎక్కువ 50 దినములు పట్టవచ్చును. కన్నులు పచ్చబడుటకు ఒకటి రెండు వారములు ముందే రోగి మలములో వైరస్ మిక్కుటముగా నుండును. అనగా తనకు రోగమున్నదని తనకే తెలియని దినములలో మనిషి దానిని ఇతరులకు అంటించుచుండును.

మన దేశములో ఈ విషయమున మరపురాని పాఠము ఢిల్లీ నేర్పినది. 1955లో యమునకు వరదలు వచ్చి, తగ్గిన పిమ్మట నది పాయ ప్రక్కకు జరిగినది. నజఫ్‌గఢ్ కాలువలోని మురుగు ఎదురు నడచి వజీరాబాదు నీటి కేంద్రము వద్దకు చేరినది. అచటి యధికారులు ప్రమాదమును గుర్తించి పటిక, క్లోరిన్ మోతాదు పెంచిరి. ఆ జాగ్రత్తవలన టైఫాయిడ్ వంటి వ్యాధులు విజృంభింపలేదు. కాని కొన్ని వారములు గడచిన పిదప, 1955 డిసెంబరు నుండి 1956 జనవరి వరకు, సుమారు 29 వేల మందికి కామెర్లు వచ్చినవి. బాక్టీరియాలను చంపిన క్లోరిన్ మురికి నీటిలోని వైరస్‌ను చంపలేకపోయినది. నాడు భద్రపరచిన రక్త నమూనాలను పాతికేండ్ల తరువాత పరీక్షించినప్పుడు అది ఎ కాదని తేలినది. ఆ నాటి వ్యాధి హెపటైటిస్ ఇ అని నేడు భావించుచున్నారు.

అంత దూరము పోనేల? 2005లో మన హైదరాబాదు నగరములో 1600 మందికి పైగా కామెర్ల బారిన పడిరి. అదియును హెపటైటిస్ ఇ యే. పరిశోధకులు రోగుల ఇండ్లను, నీటి గొట్టముల మార్గములను పోల్చి చూచిరి. మంచినీటి గొట్టము తెరచియున్న మురుగు కాలువను దాటి వచ్చు బస్తీలలో, అట్లు దాటని బస్తీలకన్న వ్యాధి అనేక రెట్లు ఎక్కువగా కనిపించినది. ఇక హెపటైటిస్ ఎ విషయమునకు వచ్చిన, 2024లో కేరళలోని ఎర్నాకుళం జిల్లా వెంగూరు పంచాయతీలో 200 మందికి పైగా దాని పాలైరి. అక్షరాస్యతలో, వైద్యసౌకర్యములలో ముందున్న రాష్ట్రమున ఇట్లేల జరిగినది? దీనికి సమాధానము తరువాత చెప్పెదను; అది మన విద్యార్థులకు సంబంధించినది.

ఇప్పుడు మన సంగతి. అనంతగిరి కొండలలో పుట్టిన మూసీ హైదరాబాదు మురుగును మోసికొని సూర్యాపేట సమీపములోని మూసీ ప్రాజెక్టును చేరి, అచటి నుండి సాగి మిర్యాలగూడ కావల వాడపల్లి వద్ద కృష్ణలో కలియును. సూర్యాపేట పట్టణము ఏండ్ల తరబడి ఆ మూసీ నీటి మీదనే యాధారపడినది. కోదాడ, మిర్యాలగూడ ప్రాంతములకు నాగార్జునసాగర్ ఎడమకాలువ జీవనాడి. మిషన్ భగీరథ పథకమును 2016 ఆగస్టులో గజ్వేల్ వద్ద కోమటిబండలో ప్రారంభించిరి. దాని ద్వారా మన ఇండ్లకు శుద్ధిచేసిన కృష్ణ నీరు రావడము చిన్న విషయము కాదు. నల్లగొండ అనగానే ఫ్లోరైడు గుర్తుకు వచ్చునట్లు మన పెద్దలు బాధపడిరి. నీటి నుండి ఫ్లోరైడును తొలగించు ఒక విధానమునకు 'నల్లగొండ పద్ధతి' అనియే పేరు. అయితే ఆ బాధ మనకొక అలవాటు నేర్పినది: నీరు మంచిదా కాదా అన్నప్పుడు ఫ్లోరైడు ఒక్కదానినే తలచుట. ఈ రెండు దోషములు పరస్పరము వేరు. కాచినందువలన ఫ్లోరైడు పోదు. కాచినందువలన వైరస్ నిలువదు.

నీరు శుద్ధికేంద్రములో నిర్మలముగనే బయలుదేరును. చెడిపోవునది మన వీధిలో. నల్లా నీరు దినమంతయు రాదు. గంటయో రెండు గంటలో వచ్చి ఆగిపోవును. నీరు ఆగినప్పుడు గొట్టములో పీడనము పడిపోవును. గొట్టమునకు పగులుండి, దాని చుట్టును మురుగు నిలిచియున్నచో, ఆ మురుగు మెల్లగా లోనికి చేరును. మరునాడు నీరు వదలినప్పుడు మొదటి బిందెలోనికి వచ్చునది అదియే. దీనికి తోడు మనము చేయు పనులు రెండు కలవు. నీరు సన్నగా వచ్చుచున్నదని నల్లాకు మోటారు బిగించి లాగుదుము. అది నీటితో పాటు పగుళ్ళ చుట్టునున్న మురుగును కూడ లాగును. లేదా నల్లాను నేలమట్టము కంటె క్రిందికి దించి గుంత త్రవ్వుదుము. వానాకాలమున ఆ నల్లా గుంత నిండి, నల్లా మూతి మురికిలో మునిగి యుండుట మన గల్లీలలో నేను చూచుచునే యున్నాను. ఇందులో మునిసిపాలిటీ తప్పు కొంత యున్నది. గొట్టములను మురుగు కాలువలో నుండి తప్పించుట వారి బాధ్యత. గుంత మాత్రము మనము త్రవ్వినదే.

వ్యాధి ప్రబలినప్పుడు ఆరోగ్యశాఖవారు చేయు పని అపరాధ పరిశోధన వంటిది. ఆశా కార్యకర్తలు, ఎ.ఎన్.ఎం.లు ఇల్లిల్లు తిరిగి ఎవరికి ఏ తేదీన కామెర్లు కనిపించినవో పట్టిక వ్రాయుదురు. ఆ ఇండ్లను పటములో గుర్తింతురు. కొందరి రక్తమును పరీక్షకు పంపి, ఐ.జి.ఎం. ప్రతిదేహముల వలన ఎ యో, ఇ యో నిర్ధారింతురు. ముఖ్యమైన మెలిక ఇక్కడ నున్నది. నేడు పచ్చబడిన కన్ను సుమారు నెల క్రితము త్రాగిన నీటికి సాక్ష్యము. కనుక నేటి నీటి నమూనా శుభ్రముగా నున్నదని తృప్తిపడరాదు. నెల వెనుకకు లెక్కించి, ఆ దినములలో ఎక్కడ గొట్టము పగిలినది, ఏ పెండ్లివిందు జరిగినది, ఏ టాంకులో క్లోరిన్ వేయుట మరచిరి అని విచారింపవలెను. అందుచేతనే ఒకే వీధిలో ఇద్దరు ముగ్గురికి కామెర్లని తెలిసిన వెంటనే ప్రాథమిక ఆరోగ్యకేంద్రమునకు తెలుపుట అవసరము. మనవారు పరువు పోవునని దాచెదరు. దాచిన ప్రతి వారము పట్టికలోని ఒక పుట చిరిగినట్లే.

ఇక చికిత్స. కొంతకాలము క్రితము నా తరగతిలోని యొక విద్యార్థి మూడు వారములు కనిపించలేదు. వచ్చినప్పుడు అతని మణికట్టు పైన రెండు కాలిన మచ్చలు, ఒకటి చీము పట్టినది. అడిగితిని. "కామెర్లయినయి సార్. మా నాయనమ్మ తీస్కపోయి వాతలు పెట్టిచ్చింది" అనెను. "తగ్గినదా?" అంటిని. "కామెర్లు తగ్గినయి సార్, పుండే తగ్గలె" అనెను. నవ్వు రాలేదు.

నాయనమ్మ మోసపోలేదు; ఆమె కన్నులారా చూచినది తగ్గుటనే. ఏలయనగా హెపటైటిస్ ఎ పెక్కు మందికి ఏ మందు లేకయే కొన్ని వారములలో తగ్గిపోవును, ఒకసారి వచ్చిన మరల రాదు. ఆ వారములలో పసరు పోయించిన పసరుకు, వాత పెట్టించిన వాతకు, తావీజు కట్టిన తావీజుకు కీర్తి దక్కును. కామెర్ల దండ సంగతియు ఇట్టిదే. చిన్న చిన్న పుల్లలను దారమునకు ముడివేసి తలపై నుంచిన దండ దినదినము పొడుగై మెడకు, ఛాతీకి దిగును. రోగము దండలోనికి దిగుచున్నదని నమ్ముదురు. పుల్లలెండి సన్నబడి ముడులు వదులగుటచే దండ సాగును. ఆరోగ్యవంతుని తలపై పెట్టినను అంతే సాగును. దువా చేయించుటకు ఎవరికిని అభ్యంతర ముండదు. దాని పేర ఆసుపత్రికి పోవుట ఆలస్యము కారాదని మాత్రమే నా మనవి. ఎందుకనగా అందరి కథయు ఆ విద్యార్థి కథవలె ముగియదు. వాంతులు ఆగకున్నను, మనిషి మగతగా నున్నను, పొంతనలేని మాటలాడినను, ఎచటనైనను రక్తము కారినను అది కాలేయము చేతులెత్తివేయుచున్న సూచన. నెలలు నిండుచున్న గర్భిణికి హెపటైటిస్ ఇ సోకినచో నూటికి 20 నుండి 25 మంది వరకు మరణింపవచ్చునని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పుచున్నది. ఆమెను పసరు వైద్యుని గుమ్మము ముందు కూర్చుండబెట్టిన ప్రతి గంటయు ప్రమాదమే. పథ్యము పేరిట ఉప్పు, పప్పు, పసుపు మాన్పించి మజ్జిగ అన్నముతో ఎండగట్టుటయు అనవసరము. సయించిన ఆహారము పెట్టవలెను. మద్యము పూర్తిగా మానవలెను. పారాసిటమాల్ సహితము వైద్యుని యడుగక మ్రింగరాదు.

కేరళ ప్రశ్నకు వత్తును. ఐదారేండ్ల లోపు పిల్లలకు హెపటైటిస్ ఎ సోకినచో పెక్కుమందికి కామెర్లే కనబడవు. చిన్న జ్వరముగా పోయి, జీవితాంతము రక్షణ మిగులును. మా తరము వారిలో అత్యధికులు తమకు తెలియకయే అట్లు గడచినవారు. పారిశుధ్యము మెరుగుపడిన కొలది పిల్లలకు బాల్యములో ఆ వైరస్ తగులదు. మంచిదే. కాని వారు ఆ రక్షణ లేకయే పదునెనిమిది, ఇరువది యేండ్ల ప్రాయమునకు వచ్చెదరు. అప్పుడు ఒక్కసారి నీరు చెడినచో రోగము కనబడి తీరును, తీవ్రముగను ఉండును. కనుక ఈ పత్రికను చదువుచున్న విద్యార్థినీ విద్యార్థులే నేడు ఎక్కువ ప్రమాదమున నున్నవారు. దీనికి టీకా కలదు. కాని ప్రభుత్వ సార్వత్రిక టీకా కార్యక్రమములో ఇంకను చేరలేదు, కొనుక్కొనవలసినదే. శిశువులకు ఉచితముగా వేయు 'కామెర్ల టీకా' హెపటైటిస్ బి కి సంబంధించినది. అది ఎ ను ఆపదు.

టీకా లేనివారికి సబ్బు, కాచిన నీరు, క్లోరిన్ ఇవే దిక్కు. నీరు బుడగలు వచ్చి మరుగవలెను, గోరువెచ్చన చాలదు. చేతికి రాసుకొను సానిటైజరు ఈ వైరస్‌పై అంతగా పనిచేయదు. సబ్బుతో తోమి కడుగవలెను. వుజూ చేయు మనకు చేతులు కడుగుట కొత్త కాదు, సబ్బు ఒక్కటే కొత్త. ముహర్రం సబీలులో, వేసవి చలివేంద్రములో, ఇఫ్తారు షర్బతులో, జాన్‌పహాడ్ ఉర్సులో, దురాజ్‌పల్లి జాతరలో దాహము తీర్చుట పుణ్యకార్యము. అందులో వేయు మంచుగడ్డ ఏ నీటిదో, గ్లాసు ముంచు చేయి ఎవరిదో విచారించుట ఆ పుణ్యములో భాగమే.

చివరగా కళాశాల కమిటీ వారికి ఒక మాట. మంచి బ్లీచింగు పౌడరు 2.5 గ్రాములు 1000 లీటర్ల తేట నీటికి సరిపోవును. కొద్ది నీటిలో కలిపి, సున్నము అడుగునకు దిగిన తరువాత పై తేటను టాంకులో పోసి, ఒక గంట ఆగి నీరు వాడవలెను. మూత తీసి ఉంచిన పాత పౌడరు సత్తువ చచ్చియుండును. నల్లా వద్ద లీటరుకు కనీసము 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలియుండవలెను. వ్యాధి ఉన్న దినములలో 0.5. చుక్కలు వేసి రంగు చూచు చిన్న పరీక్షాపేటికతో మన రసాయనశాస్త్ర విద్యార్థులు దీనిని వారమునకొకసారి చూడగలరు. 5000 లీటర్ల టాంకునకు కావలసినది పన్నెండున్నర గ్రాముల పౌడరు, దాని వెల ఒక చాయ్ ఖరీదు కాదు. టాంకు కడిగిన తేదీని, కడిగినవారి పేరును టాంకు గోడపైననే రంగుతో వ్రాయించినచో, ఏ విద్యార్థియైనను మెట్లెక్కి చదువుకొనగలడు.