కుంటనీటిలో రొయ్యలు, రొయ్యను పోలిన జీవులు

తొలకరికి నిండిన కుంటలోనో, పంటకాలువ ఒడ్డున గుర్రపుడెక్క వేళ్ళ మధ్యనో, చెరువు తూము దగ్గరి నాచులోనో సన్నని కన్నుల వలను ఒకసారి లాగితే, రెండు మూడు సెంటీమీటర్లకు మించని పారదర్శక జీవులు కొన్ని అందులో ఎగిరెగిరి పడుతూ కనిపిస్తాయి. వాడుకలో వాటన్నిటికీ రొయ్యపిల్లలు అనే పేరే చెల్లుతుంది గాని, జంతుశాస్త్రం దృష్టిలో అవి ఒకే కుటుంబానికి చెందినవి కావు. వాటిలో కొన్నిటికి అసలైన రొయ్యతో ఉన్న చుట్టరికం కోట్ల సంవత్సరాల కిందటే వేరుపడిన అతి దూరపు చుట్టరికం మాత్రమే. పైన పెంకు, కణుపులు గల కాళ్ళు, స్పర్శశృంగాలు అనే మీసాలు రెండు జతలు ఉన్న జంతు సముదాయాన్ని క్రస్టేషియా అంటారు. ఈ సముదాయంలో పొడవైన దేహం, అనేక జతల కాళ్ళు, వెనుకకు సాగిన తోక ఈదడానికి అనువైనవి కావడంతో, అదే ఆకారం ఒకదానితో ఒకటి సంబంధం లేని శాఖల్లో మళ్ళీ మళ్ళీ ఏర్పడింది. అందువల్ల రూపురేఖలను బట్టి జీవిని పోల్చుకోవాలని చూసేవారు తరచూ పొరబడతారు. పరిమాణం వయసుతో మారుతుంది. రంగు తినే తిండిని బట్టి, నీటి అడుగున ఉన్న మట్టిని బట్టి మారుతుంది. నమూనాను ఆల్కహాల్‌లో వేసిన కొద్దిసేపటికే పారదర్శకత పోయి దేహం తెల్లబడుతుంది.

నమ్మదగిన ఆనవాళ్ళు నాలుగు చోట్ల దొరుకుతాయి: వీపు మీది కవచం, కళ్ళు, కాళ్ళు, ఆడజీవి గుడ్లను మోసే చోటు. వీటిలో కాళ్ళకు ఉన్న విలువ తక్కిన వాటికి లేదు. క్రస్టేషియన్ దేహంలో దాదాపు ప్రతి ఖండానికీ ఒక జత ఉపాంగాలు ఉంటాయి గనుక, ఏ ఖండపు కాళ్ళు నడవడానికి, ఏవి ఈదడానికి, ఏవి ఆహారం పట్టడానికి, ఏవి ఊపిరి పీల్చడానికి ఏర్పడ్డాయో చూస్తే, ఆ జీవి ఏ వంశానిదో, ఎలా బతుకుతుందో రెండూ ఒకేసారి తెలుస్తాయి. పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దం, అడుగు తెల్లగా ఉన్న పళ్ళెం, వేలెడు లోతు నీరు ఉంటే ఈ పరీక్షలో చాలా భాగాన్ని బతికి ఉన్న జీవి మీదనే పూర్తి చేయవచ్చు.

ముందుగా చూడవలసింది కవచం. తలను, వక్షాన్ని కలిపి పైనుంచి కప్పే ఒకే పెంకు లేకుండా, తల వెనుకనుంచి తోక దాకా ఖండాలు విడివిడిగా కనిపిస్తూ, కళ్ళు మాత్రం చిన్న కాడల చివర నిలిచి ఉంటే అది ఫెయిరీ ష్రింప్ అనే జీవి. పేరులో ష్రింప్ ఉన్నా ఇది రొయ్య కాదు. కవచం లేకపోవడాన్ని గుర్తుగా తీసుకున్న శాస్త్రజ్ఞులు దీనిని అనోస్ట్రాకా అనే క్రమంలో చేర్చారు. మన దేశంలో దొరికే జాతుల్లో 11 జతల ఆకువంటి పలుచని కాళ్ళు ఉంటాయి. అవి నడవడానికి పనికిరావు. అలలు అలలుగా కదులుతూ జీవిని ముందుకు తోస్తాయి, నీటిలోని సూక్ష్మమైన ఆహారాన్ని వడకట్టి నోటి వైపు పంపుతాయి, శ్వాసక్రియకూ తోడ్పడతాయి. ఫెయిరీ ష్రింప్ వెల్లకిలా ఈదుతుంది, అంటే దాని కాళ్ళు ఎప్పుడూ వెలుతురు వైపు, సాధారణంగా పైకి, తిరిగి ఉంటాయి. తోక చివర రొయ్యకు ఉండే విసనకర్ర ఆకారం దీనికి ఉండదు. అంచుల వెంట నూగు గల రెండు సన్నని కొమ్మలు మాత్రమే ఉంటాయి, చాలా జాతుల్లో అవి నారింజ రంగులో మెరుస్తాయి. మగదాని రెండో జత స్పర్శశృంగాలు ఆడదానిని పట్టుకోవడానికి వీలుగా పెద్ద కొక్కేలుగా మారి ఉంటాయి. 1860లో బేర్డ్ వర్ణించిన స్ట్రెప్టోసెఫలస్ డైకోటోమస్ అనే భారతీయ జాతితో సహా ఈ ప్రజాతిలోని వాటిని ఒకదాని నుంచి ఒకటి వేరు చేయడానికి నిపుణులు ఆ కొక్కేల చివరి చీలికలనే పరీక్షిస్తారు. ఆడదానికి కాళ్ళు ముగిసిన చోట, ఉదరం మొదట్లో, గుడ్ల సంచి వేలాడుతుంది.

నివాసం కూడా ఇక్కడ మంచి సాక్ష్యం. ఫెయిరీ ష్రింప్‌కు చేపనుంచి తప్పించుకునే సాధనమేదీ లేదు. అందుకే అది చేపలు లేని తాత్కాలిక జలాల్లో, అంటే వానకు నిండి ఎండకు ఇంకిపోయే బండగుంటల్లో, బీడు నేలల్లోని పల్లపు మడుగుల్లో ఎక్కువగా పెరుగుతుంది. గట్టి పొర గల దాని గుడ్లు మడుగు ఎండిపోయినా మట్టిలో నెలల తరబడి, కొన్నిసార్లు ఏళ్ళ తరబడి, ప్రాణంతో ఉండి, మళ్ళీ నీరు చేరిన ఒకటి రెండు రోజుల్లోనే పొదుగుతాయి. నిరుడు నీరే లేని గుంటలో ఈ ఏడు వందల కొద్దీ జీవులు కనిపించడానికి కారణం ఇదే. ఏడాది పొడవునా నీరుండి చేపలు పెంచే చెరువులో దొరికిన జీవి ఫెయిరీ ష్రింప్ అయ్యే అవకాశం చాలా తక్కువ. అదే గుంటల్లో కనిపించే ట్రయాప్స్‌కు వీపు మీద డాలు వంటి కవచం, క్లామ్ ష్రింప్‌కు దేహమంతటినీ మూసే రెండు చిప్పలు ఉంటాయి గనుక వాటి విషయంలో పొరబాటుకు తావు ఉండదు.

కవచం తలనూ వక్షాన్నీ పూర్తిగా కప్పి, దాని ముందు అంచు రెండు కళ్ళ మధ్యనుంచి రంపపు పళ్ళు గల కొమ్ముగా సాగి, కళ్ళు కాడల మీద ఉండి, వక్షం కింద అయిదు జతల నడక కాళ్ళు, ఉదరం కింద అయిదు జతల ఈత కాళ్ళు ఉంటే అది అసలైన రొయ్య, అంటే పది కాళ్ళ జీవుల క్రమమైన డెకాపోడాకు చెందినది. కోస్తా జిల్లాల్లో ఇక్కడితో ప్రశ్న తీరదు. 2009 తర్వాత ఆంధ్రప్రదేశ్‌లో వేగంగా వ్యాపించిన వనామీ రొయ్యను ఉప్పదనం చాలా తక్కువగా ఉన్న చెరువుల్లో కూడా పెంచుతున్నందువల్ల, చుట్టుపక్కల కాలువల్లో సముద్రజాతి రొయ్యపిల్లలు, మంచినీటి రొయ్యపిల్లలు కలిసి దొరకవచ్చు. రెండిటినీ వేరు చేసే గుర్తు ఉదరం పక్కన ఉంది. ఉదరంలోని ప్రతి ఖండపు పెంకు పక్కకు దిగి ఒక రేకుగా ముగుస్తుంది. మంచినీటి రొయ్యలో రెండో ఖండపు రేకు వెడల్పుగా ఉండి, తన ముందున్న మొదటి రేకునూ వెనుకనున్న మూడో రేకునూ రెండిటినీ పైనుంచి కప్పుతుంది. వనామీ, టైగర్ వంటి పీనియిడ్ రొయ్యల్లో రెండో రేకు మొదటిదాని మీదికి రాదు. కాళ్ళు కూడా ఇదే సాక్ష్యం చెబుతాయి: పీనియిడ్ రొయ్యకు మొదటి మూడు జతల నడక కాళ్ళ చివర పట్టకార్లు ఉంటే, మంచినీటి రొయ్యకు మొదటి రెండు జతలకే ఉంటాయి. మంచినీటి ఆడరొయ్య పొదిగే వరకు గుడ్లను ఈత కాళ్ళకు అంటించుకొని మోస్తుంది. పీనియిడ్ ఆడరొయ్య నీటిలోకి వదిలేస్తుంది. అందువల్ల పొట్ట కింద గుడ్లు మోస్తున్న రొయ్య ఎంత చిన్నదైనా వనామీ కాదు, పిల్ల అంతకంటే కాదు. అది ఎదిగిన మంచినీటి రొయ్య.

ఈ చివరి మాటను కాస్త నొక్కి చెప్పవలసి ఉంది. చెరువుల్లో, పిల్లకాలువల్లో దొరికే రెండు మూడు సెంటీమీటర్ల రొయ్యలను పెద్దజాతి రొయ్యల పిల్లలుగా భావించడం సర్వసాధారణం. నిజానికి వాటిలో చాలా భాగం కారిడైనా అనే ప్రజాతికి చెందిన, అంతకంటే పెద్దగా పెరగని జాతులు. నీలకంఠ రొయ్య అని రైతులు పిలిచే మాక్రోబ్రాకియం రోసెన్‌బర్గై మగది 30 సెంటీమీటర్లు దాటి పెరగగలదు. గోదావరి, కృష్ణల్లో సహజంగా దొరికే మాక్రోబ్రాకియం మాల్కమ్‌సోనై కూడా పెద్ద రొయ్యే. వీటి పిల్లలు ఉప్పు కలిసిన నదీముఖపు నీటిలో డింభక దశ గడిపి, తర్వాత ఏటికి ఎదురెక్కుతాయి. గోదావరిపై ధవళేశ్వరం ఆనకట్ట దిగువన ఈ పిల్లలు గుమిగూడడం మత్స్యకారులకు చిరకాలంగా తెలిసిన విషయం. నదిలో పట్టిన పిల్లలను చెరువులో వదిలే రైతుకు, వాటిలో ఎన్ని పెద్దజాతివో, ఎన్ని ఎన్నటికీ పెరగని కారిడైనాలో తెలియకపోతే ఆ సీజన్ అంతా వేసిన మేత వృథా అవుతుంది.

రెండిటికీ ఉన్న తేడా చేతుల్లో ఉంది. కారిడైనాలో పట్టకార్లు గల రెండు జతల కాళ్ళూ పొట్టిగా, ఇంచుమించు సమానంగా ఉంటాయి. వాటి వేళ్ళ చివర ఒత్తైన నూగు కుచ్చులు ఉంటాయి. రాళ్ళ మీది, ఆకుల మీది పాచిని ఆ కుచ్చులతో ఊడ్చి నోట్లో పెట్టుకోవడమే దాని పని గనుక, పళ్ళెంలో కాస్త పాచి పట్టిన ఆకును వేస్తే చేతులు ఒకదాని తర్వాత ఒకటి క్షణం ఆగకుండా ఆడుతూ కనిపిస్తాయి. మాక్రోబ్రాకియం పిల్లలో ఆ కుచ్చులు ఉండవు. పట్టకార్లు కొరికి పట్టుకోవడానికి తగినట్టు నున్నగా ఉంటాయి, రెండో జత మొదటి జత కంటే స్పష్టంగా పొడవుగా ఉంటుంది, ఎదిగిన మగవాటిలో అది దేహమంత పొడవుకు కూడా చేరుతుంది. ఇంకా అనుమానం ఉంటే కవచం పక్కభాగాన్ని చూడాలి. మాక్రోబ్రాకియంలో స్పర్శశృంగం మొదలు దగ్గర ఒక ముల్లు, దానికి కాస్త వెనుకగా, కిందుగా మరొక ముల్లు ఉంటాయి. కారిడైనాలో ఆ వెనుక ముల్లు ఉండదు. నీలకంఠ రొయ్య పిల్లలకు కవచం పక్కన పొడవాటి నల్లని చారలు ఉండడం అదనపు గుర్తు. అయితే మాక్రోబ్రాకియం అయినంత మాత్రాన అది పెద్దజాతి అని కూడా తేల్చరాదు. మాక్రోబ్రాకియం లామరై అనే సన్నని పారదర్శక రొయ్య మంచినీటిలోనే జీవితచక్రాన్ని ముగించుకుంటుంది, వేలి పొడవుకు మించి పెరగదు. దాని కొమ్ము పైకి వంగి ఉండి, పై అంచులో కొన్ని పళ్ళ తర్వాత పళ్ళు లేని ఖాళీ వచ్చి, మళ్ళీ మొన దగ్గర పళ్ళు కనిపిస్తాయి.

నదీముఖాల దగ్గర మైసిడ్ అనే మరో పోలిక ఎదురవుతుంది. దీనికి కవచం, కాడల మీది కళ్ళు, తోక విసనకర్ర అన్నీ ఉన్నా, పట్టకార్లు ఉండవు, కాళ్ళన్నీ రెండు పాయలుగా చీలి ఉంటాయి, ఆడది గుడ్లను ఈత కాళ్ళకు కాక వక్షం కింది సంచిలో మోస్తుంది. చాలా జాతుల్లో తోక విసనకర్ర లోపలి రేకుల మొదట్లో గుండ్రని మచ్చ ఒక్కొక్కటి కనిపిస్తుంది. అది మచ్చ కాదు, జీవి తన సమతుల్యాన్ని తెలుసుకునే అవయవం.

కవచమూ లేక, కళ్ళకు కాడలూ లేక, దేహం రెండు అరచేతుల మధ్య పెట్టి నొక్కినట్టు పక్కలనుంచి పలచబడి, కామాలా వంగి ఉంటే అది ఆంఫిపోడ్. వక్షపు కాళ్ళు ఏడు జతలు. మొదటి రెండిటికి ఆహారాన్ని పట్టే చిన్న చేతులుంటాయి, తర్వాతి రెండు జతలు ఒక దిక్కుకు, చివరి మూడు జతలు దానికి ఎదురు దిక్కుకు తిరిగి ఉంటాయి. పళ్ళెంలో వేయగానే పక్కకు పడి జారుతూ ఈదడం దీని స్వభావం. యూరప్ వాగుల్లో ఆకుల కింద వేల సంఖ్యలో ఉండే గమారస్ పులెక్స్‌కు లినేయస్ 1758లోనే పేరు పెట్టాడు. గుర్తింపులో సూక్ష్మ లక్షణాల విలువ ఎంతటిదో ఈ జీవుల చరిత్ర చెబుతుంది. నల్లసముద్ర, కాస్పియన్ ప్రాంతపు డైకెరోగమారస్ విల్లోసస్ అనే దూకుడు జాతి, 1992లో తెరిచిన మైన్–డాన్యూబ్ కాలువ మీదుగా పశ్చిమ యూరప్ నదుల్లోకి చేరి, అక్కడి చిన్న జీవులను తింటూ వ్యాపించింది. 2010లో ఇంగ్లండ్‌లోని గ్రాఫమ్ వాటర్ జలాశయంలో కనిపించింది. స్థానిక గమారస్‌నుంచి దానిని వేరు చేసే ముఖ్యమైన గుర్తు, తోక దగ్గరి ఖండాల పైభాగంలో ముళ్ళు మొలిచిన రెండు చిన్న బుడిపెలు. మూడు సెంటీమీటర్ల జీవి మీది ఆ బుడిపెలను పోల్చుకోవడం చేపలు పట్టేవారికి, పడవలు నడిపేవారికి కూడా నేర్పవలసి వచ్చింది.

మన దేశంలో గమారస్ హిమాలయాల చల్లని జలాలకు పరిమితమైనా, దక్షిణాదిలో ఆంఫిపోడ్‌లు లేవనుకోరాదు. అవి చాలావరకు కంటికి కనబడని చోట, భూగర్భజలంలో ఉన్నాయి. ఆచార్య నాగార్జున విశ్వవిద్యాలయానికి చెందిన వై. రంగారెడ్డి, ఆయన సహచరులు బావులను, గుహలను, నది ఇసుక కింది నీటిని శ్రద్ధగా వెతికి వెలుగులోకి తెచ్చిన క్రస్టేషియన్ల జాబితా తెలుగు నేల మీద జరిగిన గొప్ప జంతుశాస్త్ర కృషిలో ఒకటి. ఆగ్నేయ భారతదేశపు బావుల్లో దొరికిన బొగిడియెల్లా ఇండికా అనే ఆంఫిపోడ్‌ను 2006లో వర్ణించారు. చీకటిలో బతికే ఇటువంటి జీవులకు కళ్ళు, రంగు రెండూ ఉండవు గనుక పైన చెప్పిన ఆనవాళ్ళలో కంటి పరీక్ష వీటి దగ్గర పనికిరాదు, కాళ్ళనే నమ్ముకోవాలి.

గుత్తికొండ బిలం నీటిలో దొరికి 2011లో ఆంధ్రకాయిడెస్ షాబుద్దీన్ అనే పేరు పొందిన జీవి అందుకు చక్కని పరీక్ష. కవచం లేదు, కళ్ళు లేవు; వక్షపు కాళ్ళు ముందు నాలుగు జతలు ఒక వైపుకు, వెనుక మూడు జతలు మరొక వైపుకు తిరిగి ఉంటాయి; చూడగానే ఎవరైనా ఆంఫిపోడ్ అనే అంటారు. కాని అది బొద్దింకలా పైనుంచి నొక్కినట్టు పలచబడిన దేహం గల జాతులతో నిండిన ఐసోపోడ్ క్రమానికి చెందినది, ఆ క్రమంలోని అతి ప్రాచీన శాఖ సభ్యురాలు. దాని కుటుంబంలోని తక్కిన ప్రజాతులు కాశీ బావుల్లో దొరికిన నికోల్సియా మినహా ఆస్ట్రేలియాలో, టాస్మేనియాలో ఉన్నాయి. భారతదేశం, ఆస్ట్రేలియా ఒకే గోండ్వానా భూఖండంలో భాగాలుగా ఉన్న కాలానికి ఈ వ్యాప్తి సాక్ష్యం. ఆంఫిపోడ్, ఐసోపోడ్ క్రమాలను తేల్చే చోటు ఉదరం. నమూనాను పక్కకు పడుకోబెట్టి చూసినప్పుడు, ఉదరం కింద మూడు జతల ఈత కాళ్ళ తర్వాత పుల్లల్లా బిరుసైన కాళ్ళు మరో మూడు జతలు ఉంటే అది ఆంఫిపోడ్; అయిదు జతలూ ఆకుల్లా వెడల్పుగా ఉండి, చివరి ఖండం తోకతో కలిసిపోయి, దానికి ఇరువైపులా ఒకే ఒక్క జత బిరుసు కాళ్ళు మిగిలితే అది ఐసోపోడ్.