మట్టిలో దాగియున్న లోహములు

తెలంగాణమున పూర్వము ఇనుము కరగించిన గ్రామములయొద్ద నల్లని చిట్టెపు దిబ్బలు నేటికిని కానవచ్చును. మానుకోట ప్రాంతమున బయ్యారపు ఇనుపరాయి సుప్రసిద్ధము. ఇట్టి చిట్టెము పైరునకు విషమా యని మా విద్యార్థులు ప్రశ్నించుచుందురు.

ఇనుము మన యెఱ్ఱనేలలకు క్రొత్త కాదు. ఇనుప చిట్టెము గాజువలె గట్టిపడియుండును గనుక త్వరగా కరగదు. సీసము, కాడ్మియము, పాషాణము మాత్రము అట్టివి కావు. సీసపు ముడిరాతిలో గంధకము కలదు. దానిని కాల్చినప్పుడు సీసపు ధూళి పొగతో లేచి చుట్టునున్న పొలములపై పడును. గనియొద్ద పాఱబోసిన రాతిపొడిలోని గంధకము గాలికిని నీటికిని ఆమ్లమై లోహములను కరగించి వాగులలో కలుపును.

మన తెలుగునేలపై పల్నాటి అగ్నిగుండాల సీమ ఇందుకు తలంపదగినది. అచ్చట పాతకాలపు త్రవ్వకముల గుఱుతులు కలవు. గత శతాబ్దమున బండ్లమోటు గనినుండి సీసపు ముడిరాయి తీసిరి. ఇట్టి తావులలో గని మూతపడినంత మాత్రమున మట్టి శుభ్రపడదు. ఆకులు క్రుళ్లి మన్నగును. సీసము సీసముగనే నిలిచియుండును. ఆఫ్రికాలోని కాబ్వే పట్టణమున సీసపు గని 1994లో మూయబడెను. అయినను అచ్చటి బిడ్డల నెత్తుటిలో నేటికిని సీసము కానవచ్చుచున్నది. జపానులో జింజూ నదీజలముతో పండిన వరియన్నము తినినవారి యెముకలు పెళుసై విఱిగెను. గనినుండి వచ్చిన కాడ్మియమే కారణమని ఆ ప్రభుత్వము 1968లో అంగీకరించెను.

సీసమువలన మిక్కిలి నష్టపడువారు పసివారు. వారు మట్టిలో ఆడి, ఆ చేతులనే నోట పెట్టుకొందురు. సీసము వారి మెదడు ఎదుగుదలను కుంటుపఱచును. పోయిన తెలివి తిరిగి రాదు. ఉపాధ్యాయుల మగు మనము మందబుద్ధియని ఒక బాలుని దండించుటకు ముందు ఈ సంగతి తలపోయవలెను.

భూపాలపల్లి ప్రాంతమున బొగ్గు గనులు, చెల్పూరున విద్యుత్కేంద్రము కలవు. బొగ్గు బూడిదలోను లోహములు స్వల్పముగా నుండును. కావున గనిమన్నుగాని బూడిదగాని పరీక్ష చేయింపక పెరటిలో వేయరాదు. అనుమానమున్నచోట ఆకుకూరలు, దుంపలు పండింపరాదు. పుల్లనినేలకు సున్నము కలిపినచో సీసము, కాడ్మియము వేళ్లకు అంతగా ఎక్కవు. ఆవమొక్క సీసమును కొంత పీల్చుకొనును. కాని అట్టి మొక్కను పశువులకును పెట్టరాదు. అన్నిటికంటె సులభమైనది, భోజనమునకు ముందు బిడ్డల చేతులు కడిగించుట.

తాతలు వదలిన దిబ్బలను మనము తొలగింపజాలకపోవచ్చును. వాని నెఱిగి బిడ్డలను కాచుకొనుట మన చేతిలోనే యున్నది.