అగ్నిపర్వతం చూడబోతున్నారా? ముందు మీ ఊపిరితిత్తుల్ని అడగండి!

ఒక సాయంత్రం మా ఊరి లెక్కల మాస్టారు, ఆయన భార్య నా దగ్గరికొచ్చారు. మాస్టారికి చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. చలికాలంలో పిల్లికూతలు వినిపించకపోతే ఆయన ఊళ్లో లేరని పక్కింటివాళ్లు అనుకుంటారు!

"ఈసారి ఆయాసానికి కాదు డాక్టరుగారూ! మా పెళ్లయి ముప్ఫై ఏళ్లయిందని అమ్మాయి బాలి దీవికి టిక్కెట్లు కొని పంపింది. విమానంలో చెవులు దిబ్బళ్లు పడకుండా ఏదైనా మాత్ర రాసివ్వండి" అన్నారావిడ.

ప్రయాణం వివరాలున్న కాగితం చూపించమన్నాను. మొదటి రెండు రోజులూ గుళ్లూ, సముద్రతీరమూ. బాగానే వుంది. మూడోరోజు తెల్లవారుజామున బాతూర్ పర్వతం ఎక్కి సూర్యోదయం చూడడం. అయిదోరోజు పడవమీద పక్కనున్న జావా దీవికి దాటి, అర్ధరాత్రి ఇజెన్ కొండెక్కి, బిలంలోకి దిగి నీలిమంటలు చూడడం. అది చదవగానే నా గుండె గుభేలుమంది.

"మాస్టారూ, ఈ రెండూ ఏమిటో తెలుసా?"

"కొండలేగా! తిరుపతి కొండ మూడుసార్లు నడిచి ఎక్కినవాణ్ణి. పైగా డబ్బు కట్టేశాం" అన్నారాయన.

ఆ సాయంత్రం మాస్టారికి చెప్పిందే ఇవాళ మీకూ చెబుతున్నాను. ఈమధ్య మన ఊళ్లనుంచి బాలి వెళ్లేవాళ్లు బాగా పెరిగారు. అక్కడి కొండలు మన కొండల్లాంటివి కావు. అవి ఊపిరి పీల్చి వదిలే కొండలు! అవి వదిలే ఊపిరి మనం పీల్చదగ్గది కాదు.

కనిపించని శత్రువు

అగ్నిపర్వతం అనగానే అందరికీ గుర్తొచ్చేది ఎర్రగా పారే లావా. నిజానికి చాలాచోట్ల లావా నెమ్మదిగా పారుతుంది. దాన్నుంచి మనిషి నడిచి తప్పించుకోగలడు. యాత్రికుడికి ముందుగా తగిలేది లావా కాదు, గాలి.

ఇజెన్ సంగతే చూడండి. అక్కడి నీలిమంటలు లావా కాదు. భూమి పగుళ్లలోంచి వేడిగా తన్నుకొచ్చే గంధకపు ఆవిరి గాలి తగిలి మండుతుంటే కనిపించే వెలుగు అది. బిలం మధ్యలో పచ్చగా మెరిసే సరస్సు వుంటుంది. చూడ్డానికి ముచ్చటగా వున్నా అందులో వున్నది బ్యాటరీల్లో పోసే యాసిడ్‌కి దగ్గరి చుట్టం. ఆ బిలంలో గాలి దిశ మారిందంటే తెల్లటి పొగ మీమీదికే వస్తుంది.

ఆ పొగలో మూడు రకాల వాయువులు ముఖ్యం.

మొదటిది సల్ఫర్ డయాక్సైడ్. ఘాటుగా వుంటుంది. ఆరోగ్యవంతుడికి దగ్గూ, కళ్లమంటా తెప్పిస్తుంది. ఉబ్బసం వున్నవాళ్లకి కొద్దిపాటి మోతాదు చాలు, కొద్ది నిమిషాల్లోనే శ్వాసనాళాలు బిగుసుకుపోతాయి. చీకట్లో, చలిలో, కొండ ఎక్కే ఆయాసంలో ఇది తోడైతే ఏమవుతుందో ఆలోచించండి.

రెండోది హైడ్రోజన్ సల్ఫైడ్. కుళ్లిన కోడిగుడ్ల కంపు కొడుతుంది. "కంపు తగ్గింది, ఇక ఫరవాలేదు" అనుకోకండి! మోతాదు పెరిగితే ఇది ముక్కునే మొద్దుబారుస్తుంది. కంపు ఉన్నట్టుండి మాయమవడం ఒక్కోసారి ప్రమాద సూచన.

మూడోది కార్బన్ డయాక్సైడ్. రంగూ లేదు, వాసనా లేదు. గాలికన్నా బరువు కాబట్టి పల్లంలో నీళ్లలా నిలబడుతుంది. 1979 ఫిబ్రవరిలో జావాలోని డియెంగ్ పీఠభూమిలో అగ్నిపర్వతం కదిలినప్పుడు భయపడి పరుగెత్తిన గ్రామస్థులు 140 మందికి పైగా ఈ వాయువువల్ల దారిలోనే ప్రాణాలు విడిచారు. అందుకే అగ్నిపర్వతం దగ్గర గుంటల్లో, గుహల్లో, పగుళ్ల దగ్గర కూర్చుని విశ్రాంతి తీసుకోకూడదు. పిల్లల్ని అసలు దిగనివ్వకూడదు. వాళ్ల ముక్కు నేలకి మనకన్నా దగ్గర!

"మాస్కు పెట్టుకుంటే సరిపోదా?" అని అడిగారు మాస్టారు. చాలామందికి వచ్చే సందేహమే ఇది. ఎన్-95 మాస్కు బూడిదని ఆపుతుంది, వాయువుని ఆపదు. తడిగుడ్డ కాస్త ఊరటేగాని రక్షణ కాదు. వాయువుకి వేరే డబ్బా బిగించిన గ్యాస్ మాస్కు కావాలి. అక్కడ అద్దెకి దొరుకుతాయి. అయితే ఆ డబ్బా ఎన్నాళ్లనుంచి వాడుతున్నారో, అందులో సత్తా ఇంకా మిగిలి వుందో లేదో చూసి చెప్పడం మీవల్ల కాదు.

బూడిద అంటే మన పొయ్యి బూడిద కాదు

మన అమ్మలు, అమ్మమ్మలు బూడిదతో గిన్నెలు తోమేవారు. అది కట్టెలు కాలిన మెత్తటి బూడిద. అగ్నిపర్వతం కక్కేది వేరు. అది నూరిన రాయి, నలిగిన గాజు. కంట్లో పడితే గీరుకుంటుంది. గొంతులో పడితే రంపంలా కోస్తుంది.

కంట్లో పడితే నలపకండి. శుభ్రమైన నీళ్లతో కడగండి. కాంటాక్ట్ లెన్సులు తీసేసి మామూలు కళ్లద్దాలు పెట్టుకోండి. బూడిద రాలుతుంటే హోటలు గదిలోనే వుండి కిటికీలు మూసి, తలుపు కింద సందుల్లో తడి తువ్వాలు దోపండి. ఏసీ బయటి గాలిని లోపలికి లాగేదైతే ఆపేయండి. తప్పనిసరై బయటికెళితే ముక్కుకి, గడ్డానికి అతుక్కునేలా ఎన్-95 మాస్కు కట్టుకోండి. స్కూటరు జోలికి మాత్రం పోవద్దు. తడిసిన బూడిదమీద చక్రం నూనెమీద జారినట్టే జారుతుంది. వాన పడితే వాగుల దగ్గర నిలబడకండి. బూడిదా, రాళ్లూ కలిసిన బురద వరదలా ముంచుకొస్తుంది. దాన్ని 'లహార్' అంటారు. ఈ మాట ప్రపంచానికి ఇచ్చింది జావావాళ్లే.

టిక్కెట్టు వుంటే భద్రత వున్నట్టేనా?

"ప్రమాదమైతే టిక్కెట్లు ఎందుకమ్ముతారు డాక్టరుగారూ?" అన్నారు మాస్టారి భార్య. న్యాయమైన ప్రశ్నే!

న్యూజిలాండ్‌లో వకారి అనే అగ్నిపర్వత దీవి వుంది. వైట్ ఐలండ్ అని కూడా అంటారు. 2019 డిసెంబరు 9న అది పేలినప్పుడు దానిమీద 47 మంది వున్నారు. అందరూ టిక్కెట్లు కొని వచ్చినవాళ్లూ, వాళ్లని తీసుకొచ్చిన గైడ్లూ. 22 మంది చనిపోయారు. బతికినవాళ్లలో చాలామంది ఒళ్లు కాలిపోయింది. ఆ కొండ హెచ్చరిక స్థాయిని మూడు వారాల ముందే పెంచారు. యాత్రలు మాత్రం ఆగలేదు.

కాబట్టి టిక్కెట్టు అమ్మేవాణ్ణి కాదు, హెచ్చరిక స్థాయిని అడగండి. ఇండొనేషియాలో ప్రభుత్వం ప్రతి అగ్నిపర్వతానికీ నాలుగు మెట్లు పెట్టింది. నార్మల్, వస్పద, సియాగ, అవాస్. అవాస్ అంటే అన్నిటికన్నా పై మెట్టు. నార్మల్ అని వున్నా అది నిద్రపోతున్న పులి, బొమ్మ పులి కాదు. వస్పద అన్నారంటే కొండ ఎక్కే ఆలోచన మానుకోండి. ఎంత దూరంలో వుండమంటే అంత దూరంలో వుండండి. బయల్దేరే ముందురోజూ, ఎక్కే రోజు రాత్రీ కూడా కనుక్కోండి.

దూరంనుంచి చూస్తే పరువేం పోదు. మన అండమాన్‌లోని బారెన్ దీవిమీద కాలు పెట్టనివ్వరు, ఓడలోంచే చూడాలి. దూరపు కొండలు నునుపు అని మనవాళ్లు ఎగతాళికి అన్నారుగాని, అగ్నిపర్వతం విషయంలో అదే మంచి సలహా!

ఎవరు ఎక్కకూడదు?

ఉబ్బసం, దీర్ఘకాలపు దగ్గు, గుండెజబ్బు వున్నవాళ్లూ, గర్భిణులూ, చిన్నపిల్లలూ గంధకపు పొగ లేచేచోటికి వెళ్లకూడదు. ఇందులో బేరం లేదు. రక్తపోటు అదుపులో లేనివాళ్లు, మోకాళ్ల నొప్పులవాళ్లు నిటారు కొండల జోలికి పోకపోవడమే మంచిది.

బాతూర్ ఎత్తు 1,717 మీటర్లు. ఎక్కడానికి సుమారు రెండు గంటలు. ఆరోగ్యంగా వున్నవాళ్లు గైడుతో ఎక్కవచ్చు. పైన తెల్లవారుజామున చలి గట్టిగా వుంటుంది, స్వెట్టరు తప్పనిసరి. కాలికి చెప్పులు కాదు, బూట్లు. పైన గైడ్లు నేలలోంచి వచ్చే ఆవిరిలో కోడిగుడ్లు ఉడికించి పెడతారు. తినండి, కాని ఆవిరిలో చెయ్యి పెట్టకండి! కాలితే ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ల ధార కింద పెట్టాలి. టూత్‌పేస్టు, సిరా, నెయ్యి వద్దు. ఫోటో కోసం బిలం అంచున వెనక్కి అడుగులు వేయకండి. 2024లో ఇజెన్ అంచున ఒక యాత్రికురాలు అలాగే పడి చనిపోయింది.

కింద సరస్సు ఒడ్డున వేడినీటి గుండాలున్నాయి. పది పదిహేను నిమిషాలు చాలు. తల ముంచకండి, ముక్కులోకి నీరు పోనివ్వకండి. ఒంటిమీద పుండ్లున్నా, గర్భంతో వున్నా దిగకండి.

సంచిలో ఏమేం వుండాలి?

1982లో ఒక జంబో విమానం జావామీదుగా పోతూ గలుంగుంగ్ అగ్నిపర్వతపు బూడిదలో చిక్కుకుంది. నాలుగు ఇంజన్లూ ఆకాశంలోనే ఆగిపోయాయి! అదృష్టం బాగుండి కిందికి జారాక మళ్లీ రాజుకున్నాయి, అందరూ బతికారు. అందుకే ఇప్పుడు బూడిద కనిపిస్తే విమానాలు ఆపేస్తారు. 2017 నవంబరులో ఆగుంగ్ పర్వతం రాజుకుంటే బాలి విమానాశ్రయం రెండు రోజులకు పైగా మూతపడింది. 2024 నవంబరులో వందల కిలోమీటర్ల దూరాన ఫ్లోరెస్ దీవిలోని లెవొతొబి కొండ పేలితే బాలి విమానాలు ఆగిపోయాయి.

దీనికీ ఆరోగ్యానికీ సంబంధం ఏమిటంటారా? అయిదు రోజుల ప్రయాణానికి అయిదు రోజుల మాత్రలే తీసుకెళ్లి ఆరోరోజున చిక్కుబడే బీపీ, షుగరు రోగి సంగతి ఆలోచించండి! కనీసం వారం రోజుల మందులు అదనంగా పెట్టుకోండి. చేతిసంచిలోనే పెట్టుకోండి, పెద్దపెట్టెలో కాదు. ఇన్సులిన్ అయితే మరీ ముఖ్యం. డాక్టరు చీటీలో మందు అసలు పేరు స్పష్టంగా రాయించుకోండి. ఎన్-95 మాస్కులు, కళ్లద్దాలు, ఓఆర్ఎస్ పొట్లాలు, టార్చిలైటు వుండాలి. ఆయాసం తగ్గించే ఇన్‌హేలర్ వుండాల్సింది హోటలు గదిలో కాదు, చొక్కా జేబులో. బీమా తీసుకుంటే కొండెక్కడం అందులో వుందో లేదో చదివి చూడండి.

పొగలో చిక్కుకుంటే గాలికి ఎదురుగానో, పక్కగానో పొగలోంచి బయటికి రండి. పల్లంలోకి దిగకండి. ఇన్‌హేలర్ పీల్చి, పడుకోకుండా నిటారుగా కూర్చోండి. నాలుగు మాటలు కలిపి చెప్పలేనంత ఆయాసం వుంటే ఇంకో నిమిషం ఆగకుండా ఆస్పత్రికి తీసుకెళ్లాలి. మొదటి దగ్గు రాగానే వెనక్కి తిరిగినవాడికి ఈ అవస్థ రాదు.

మాస్టారు ఏం చేశారు?

మాస్టారు చాలాసేపు మాట్లాడలేదు. చివరికి "కట్టిన డబ్బు తిరిగి రాదు కదా?" అన్నారు.

"రాదు. లెక్కల మాస్టారు మీరే చెప్పండి, ఎందులో నష్టం ఎక్కువ?" అన్నాను.

నెల తరవాత ఇద్దరూ కొబ్బరి మిఠాయి పట్టుకొని వచ్చారు. ఇజెన్ యాత్ర మానేశారట. బాతూర్ కొండ ఆవిడ ఒక్కతే గైడుతో ఎక్కింది! మాస్టారు ఎదురుగా గట్టుమీది ఊళ్లో శాలువా కప్పుకొని, వేడి టీ తాగుతూ సూర్యోదయం చూశారు. కొండమీంచి ఆవిడ టార్చి ఊపితే, కిందనుంచి ఈయనా టార్చి ఊపారట.

"ఆ దీపం ఆవిడదో కాదో చెప్పలేను డాక్టరుగారూ, పైన యాభై దీపాలున్నాయి. అయినా ఊపాను" అని నవ్వారు మాస్టారు. ఆ నవ్వులో పిల్లికూత లేదు.

మీరూ వెళ్లండి. చూడండి. కాని డబ్బు కట్టామన్న ఒక్క కారణంతో కొండ ఎక్కకండి. కొండ అక్కడే వుంటుంది. మనం తిరిగి ఇంటికి రావాలి.