ఒక డాలు, ఒకే యజమాని
స్కాట్లాండ్ కోట్ ఆఫ్ ఆర్మ్స్: అపోహలు – వాస్తవాలు

ఎడింబరోలోని రాయల్ మైల్ వీధిలో ఏ బహుమతుల దుకాణంలోకి వెళ్లినా డాళ్ల బొమ్మలే కనిపిస్తాయి. కీచైన్లు, కప్పులు, గోడకు తగిలించే చెక్క పలకలు. ఒక్కోదాని కింద ఒక ఇంటిపేరు: ఫ్రేజర్, క్యాంప్‌బెల్, డగ్లస్. ఆ ఇంటిపేరున్నవాళ్లు ముచ్చటపడి కొనుక్కుంటారు, "ఇది మా వంశచిహ్నం" అని హాల్లో తగిలించుకుంటారు. ఆ డాలు మాత్రం వేరొకరి సొత్తు.

కోట్ ఆఫ్ ఆర్మ్స్‌ని మన మాటలో లాంఛనం అనుకోవచ్చు. చాళుక్యుల వరాహ లాంఛనం మనకు తెలిసిందే. అయితే వరాహం ఒక రాజవంశం మొత్తానికి గుర్తు. స్కాట్లాండ్‌లో లాంఛనం ఒక్క మనిషికి గుర్తు. యుద్ధంలో, పోటీ బరిలో, పత్రాల మీద వేసే ముద్రలో ఎవరు ఎవరో తెలియడానికి 12వ శతాబ్దంలో ఐరోపాలో ఈ పద్ధతి మొదలైంది. మనిషిని గుర్తుపట్టడమే దీని పని. ఆ సంగతి మరిచిపోవడం వల్లే ఇన్ని అపోహలు పుట్టాయి.

అపోహ: ఇంటిపేరు ఒకటైతే లాంఛనమూ ఒకటే.

వాస్తవం: స్కాట్లాండ్‌లో ఒక లాంఛనం ఒక సమయంలో ఒక్కరికే చెందుతుంది. తండ్రి బతికుండగా పెద్ద కొడుకు కూడా అదే డాలును యథాతథంగా వాడకూడదు. పైభాగంలో మూడు కొసలు వేలాడే లేబుల్ అనే పట్టీ చేర్చుకోవాలి. తండ్రి తర్వాత ఆ పట్టీ తీసేస్తాడు. చిన్న కొడుకులు తమ డాలును కొత్తగా నమోదు చేయించుకోవాలి. సాధారణంగా డాలు చుట్టూ ఒక అంచు చేరుస్తారు. ఒకరికి బంగారు అంచు, ఇంకొకరికి ఎర్ర అంచు, మరో తరంలో అదే అంచు అలలుగానో నొక్కులుగానో మారుతుంది. తెలిసినవారు ఆ అంచు చూసి, ఇతను ఏ కొమ్మలోంచి వచ్చాడో చెప్పేస్తారు.

అపోహ: క్రెస్ట్ అన్నా, కోట్ ఆఫ్ ఆర్మ్స్ అన్నా ఒకటే.

వాస్తవం: అసలు లాంఛనం డాలు మీద ఉంటుంది. డాలు పైన శిరస్త్రాణం, దాని నెత్తిన నిలిచే బొమ్మ క్రెస్ట్. స్కాట్లాండ్‌లో మోటో, అంటే ధ్యేయవాక్యం, మామూలుగా ఆ క్రెస్ట్‌కు పైన ఉంటుంది. ఇంగ్లండ్‌లో అది డాలు కిందికి వెళ్తుంది. మరి క్లాన్‌లో, అంటే ఒకే పెద్ద కింద ఉండే వంశ సమూహంలో, సామాన్య సభ్యుడు ఏం పెట్టుకోవాలి? దానికీ ఒక పద్ధతి ఉంది. క్లాన్ పెద్ద క్రెస్ట్ చుట్టూ బకిల్ ఉన్న తోలు బెల్టు గుండ్రంగా చుట్టి, దాని మీద పెద్ద మోటో రాసి ఉన్న బ్యాడ్జిని టోపీకి పెట్టుకోవచ్చు. ఆ బెల్టే అసలు విషయం చెబుతుంది: "ఈ క్రెస్ట్ నాది కాదు, మా పెద్దది. నేను ఆయన మనిషిని."

అపోహ: ప్రతి రంగుకీ, ప్రతి జంతువుకీ ఒక రహస్యార్థం ఉంది.

వాస్తవం: ఎరుపంటే శౌర్యం, నీలమంటే విశ్వాసం అని చెప్పే పట్టికలు చాలా తిరుగుతుంటాయి. అలాంటి స్థిరమైన అర్థాలేవీ లేవు. ఉన్నది చూపుకి సంబంధించిన నియమం. బంగారం, వెండి రెండూ లోహాలు. ఎరుపు, నీలం, నలుపు, ఆకుపచ్చ, ఊదా రంగులు. లోహం మీద లోహం, రంగు మీద రంగు వేయకూడదు. ఎందుకంటే దూరం నుంచి ఆనవు. బొమ్మల విషయంలో చాలాసార్లు పేరుతో ఆట ఉంటుంది. ఫ్రెంచి భాషలో ఫ్రేజ్ అంటే స్ట్రాబెరీ. అందుకే ఫ్రేజర్ల నీలి డాలు మీద మూడు తెల్లని స్ట్రాబెరీ పూలు. కొన్నిసార్లు ఉద్యోగం దాగి ఉంటుంది. స్టువర్ట్‌ల పూర్వీకులు రాజుగారి ఇంటి వ్యవహారాలు చూసిన స్టీవార్డులు. వారి బంగారు డాలు నడుమ నీలం, తెలుపు గళ్ల పట్టీ ఉంటుంది. ఆ రోజుల్లో లెక్కలు చూడడానికి పరిచిన గళ్ల గుడ్డకు అది గుర్తని చెబుతారు.

అపోహ: డాలు వెనక చెప్పే కథలన్నీ చరిత్రే.

వాస్తవం: కథను బట్టి ఉంటుంది. హే వంశం డాలు మీద మూడు చిన్న ఎర్ర డాళ్లు ఉంటాయి. 10వ శతాబ్దం చివర లంకార్టీ దగ్గర డేన్లతో యుద్ధంలో ఒక రైతు, అతని ఇద్దరు కొడుకులు కాడి ఎత్తి పట్టుకొని, పారిపోతున్న సైన్యాన్ని నిలబెట్టారని, ఆ ముగ్గురికీ గుర్తుగా ఈ డాళ్లు వచ్చాయని కథ. వినడానికి గుండె ఉప్పొంగుతుంది. కానీ లాంఛనాల పద్ధతి అప్పటికింకా పుట్టనే లేదు, పైగా హే వంశీకులు స్కాట్లాండ్‌కు ఆ తర్వాతే వచ్చిన నార్మన్లు.

డగ్లస్‌ల డాలు మీది ఎర్ర గుండె అలాంటిది కాదు. రాజు రాబర్ట్ బ్రూస్ 1329లో కన్నుమూశాడు. ఆయన గుండెను వెంట తీసుకుని బయలుదేరిన సర్ జేమ్స్ డగ్లస్ 1330లో స్పెయిన్‌లోని టేబా దగ్గర పోరులో చనిపోయాడు. గుండె తిరిగి వచ్చి మెల్‌రోజ్ మఠానికి చేరింది. అంతకుముందు డగ్లస్‌ల తెల్లని డాలుపై నీలి పట్టీ, అందులో మూడు నక్షత్రాలు మాత్రమే ఉండేవి. తర్వాతి తరం వాటి కింద ఆ గుండెను చేర్చుకుంది. గుండె మీది కిరీటం ఇంకా తర్వాత వచ్చింది. ఒక్క డాలులో మూడు కాలాలు పొరలు పొరలుగా కనిపిస్తాయి.

అపోహ: ప్రతి లాంఛనానికీ ఒక్కటే అసలైన బొమ్మ ఉంటుంది.

వాస్తవం: లాంఛనానికి ప్రాణం మాటల్లో ఉంది. ఆ వర్ణనను బ్లేజన్ అంటారు. స్కాట్లాండ్ రాజుల డాలునే చూడండి: బంగారు నేల మీద వెనక కాళ్లపై లేచిన ఎర్ర సింహం, నీలి గోళ్లు, నీలి నాలుక, చుట్టూ లిల్లీ పూలు పొదిగిన ఎర్రని జంట గీత. వర్ణన తప్పకుండా ఉంటే చాలు, సింహం బక్కగా ఉన్నా, జూలు దట్టంగా ఉన్నా అదే లాంఛనం. రంగు లేకున్నా చదవచ్చు. పాత నలుపు తెలుపు అచ్చుల్లో చుక్కలుంటే బంగారం, నిలువు గీతలుంటే ఎరుపు, అడ్డగీతలుంటే నీలం. ఇంకొక మెలిక కూడా ఉంది: కుడి ఎడమలు డాలు పట్టుకున్నవాడివి. చూసేవారికి అవి తారుమారుగా కనిపిస్తాయి.

అపోహ: "బార్ సినిస్టర్" ఉంటే పెళ్లికాని తల్లిదండ్రులకు పుట్టినవారని అర్థం.

వాస్తవం: నవలలు ప్రచారంలో పెట్టిన మాట ఇది. బార్ అంటే అడ్డపట్టీ. దానికి కుడి ఎడమలు ఉండవు. ఎడమ పైమూల నుంచి దిగే ఏటవాలు పట్టీ ఎవరి డాలు మీదైనా ఉండవచ్చు. స్కాట్లాండ్‌లో ఈ అర్థంలో వాడింది రెండు రంగుల ముక్కలు వంతులవారీగా పేర్చిన అంచును.

అపోహ: ఇది ప్రభువులకు, అందులోనూ మగవారికే.

వాస్తవం: లాంఛనం కోరేవారు సద్గుణం, యోగ్యత ఉన్నవారై ఉండాలన్నది పాత చట్టం మాట. బిరుదు ఉండాలన్న షరతు లేదు. స్కాట్లాండ్‌లో స్థిరపడిన ఎవరైనా, మన తెలుగువారైనా సరే, అర్జీ పెట్టుకోవచ్చు. రుసుము కట్టాలి. డాలుకు ఇరువైపులా నిలబడే జంతువులు మాత్రం ప్రభువులకు, క్లాన్ పెద్దలకు, మరికొందరికే దక్కుతాయి. స్త్రీలు సొంతంగా లాంఛనం పొందవచ్చు, వారసత్వంగానూ అందుకోవచ్చు. యుద్ధపు డాలుకు బదులు అండాకారంలోనో, వజ్రాకారంలోనో చూపడం ఆనవాయితీ. ఫ్లోరా మెక్లియోడ్ అనే మహిళ 1935లో మెక్లియోడ్ క్లాన్‌కు పెద్ద అయ్యారు.

అపోహ: ఇదంతా పాతకాలపు అలంకారం, అడిగేవారెవరూ లేరు.

వాస్తవం: అడిగేవారున్నారు. లార్డ్ లయన్ కింగ్ ఆఫ్ ఆర్మ్స్ అనే అధికారి ఎడింబరోలో న్యాయస్థానమే నడుపుతారు. దానికి సొంత ప్రాసిక్యూటర్ ఉన్నారు. ఆ అధికారానికి మూలం 1592, 1672 నాటి చట్టాలు. 1672లో మొదలైన అధికారిక రిజిస్టరు నేటికీ సాగుతోంది. నమోదు లేని లాంఛనాన్ని, ఇంకొకరి లాంఛనాన్ని తనదిగా వాడుకోవడం అక్కడ నేరం. ఎర్ర సింహం జెండా కూడా రాజుదే. ప్రజలందరి జెండా నీలం మీద తెల్లని ఆండ్రూ శిలువ.

కాబట్టి స్కాట్లాండ్ వెళ్లినప్పుడు ఆ చెక్క పలకను జ్ఞాపికగా కొనుక్కోండి, తప్పులేదు. "ఫలానా ఇంటిపేరువారి చిహ్నం" అని మాత్రం ఎవరికీ చెప్పకండి. ఆ డాలు ఎవరిదో, అంచు ఎందుకుందో, సింహం ఏ రంగు నేల మీద నిలబడిందో అడిగి తెలుసుకోండి. ప్రతి డాలు వెనకా పేరున్న ఒక మనిషి ఉన్నారు. ఆ మనిషి ఎవరో తెలుసుకోవడమే ఆ డాలుకు మనమిచ్చే గౌరవం.